వినేవాళ్ళకి పాయింట్లు లేవు

రౌతు మన్మథరావుకి ఆ ఏడాది దేవుణ్ణి కోరుకోవలసింది ఒక్కటే మిగిలింది. ఒక పాయింటు.

తూర్పుకనుమల సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఆయన పదకొండేళ్ళుగా కాంట్రాక్టు లెక్చరరు. ఏటా ఏప్రిల్ ఆఖరున ఉద్యోగం పోతుంది, జూన్ రెండో వారంలో తిరిగి వస్తుంది. ఆ మధ్య రోజుల్లో అత్తగారు పార్వతీపురం నుంచి ఫోను చేసి, "అల్లుడుగారు ఇప్పుడు ఉన్నట్టా, లేనట్టా?" అని కూతుర్ని అడుగుతుంది. ఆవిడ అడిగేది ఉద్యోగం సంగతే. అయినా వింటున్న మన్మథరావుకి ప్రతిసారీ ఒళ్ళు తడిమి చూసుకోవాలనిపిస్తుంది.

ఈసారి కంప్యూటరు శాఖలో ఒక పర్మనెంటు పోస్టు పడింది. అర్హత నూట ఇరవై పాయింట్లు. ఆయనకి నూట పందొమ్మిది ఉన్నాయి. పాయింట్లు ఎలా వస్తాయంటే, పత్రం అచ్చయితే వస్తాయి, సభ నిర్వహిస్తే వస్తాయి, వేదిక మీద కూర్చుంటే వస్తాయి. పాఠం చెబితే మాత్రం రావు. పాఠం చెప్పడం వేరే పనిలేని వాళ్ళు చేసే పని అని విశ్వవిద్యాలయం ఏనాడో తేల్చేసుకుంది. అందుకని పర్మనెంటు ప్రొఫెసర్లు పొద్దున్నే ఒక సర్దుబాటు చీటీ రాసి పంపేవారు: "సభాకార్యక్రమముల యందు నిమగ్నమై ఉన్నందున నా క్లాసును శ్రీ మన్మథరావు తీసుకొనగలరు." ఆయన తీసుకునేవాడు. అలా పదకొండేళ్ళూ నలుగురు ప్రొఫెసర్ల పాఠాలు చెప్పాడు. ఆ నలుగురికీ పదోన్నతులు వచ్చాయి, ఆయనకి గొంతునొప్పి వచ్చింది.

ఇలా ఉండగా వైస్ చాన్సలర్ గజేంద్రనాథ్ గారు బెంగుళూరులో ఏదో సభకి వెళ్ళి, కొత్త పెళ్ళికొడుకులా వెలిగిపోతూ తిరిగివచ్చారు. మర్నాడే పాలకమండలిని పిలిపించారు.

"ప్రపంచమంతా ఇప్పుడు స్వతంత్ర ఏజెంట్ల మీద నడుస్తోంది. ఏజెంటంటే ఒక ప్రోగ్రాం. లక్ష్యం చెప్పి వదిలేస్తే చాలు. తనంతట తానే ఆలోచించి, తనంతట తానే నిర్ణయం తీసుకుని పని పూర్తి చేస్తుంది. ఎవరినీ అడగదు," అన్నారు.

మండలిలో కలకలం రేగింది.

"ఎవరినీ అంటే... ఫైలు పెట్టదా అండీ?" అన్నారు రిజిస్ట్రారు ఉమాకాంతం గారు.

"పెట్టదు."

"సమర్థ అధికారి సంతకం?"

"అక్కర్లేదు."

ఉమాకాంతం గారు గ్లాసెడు మంచినీళ్ళు గటగటా తాగేశారు. పాపం, ఆయన భయం ఆయనది. ఆడపిల్లల హాస్టల్లో నీళ్ళ ట్యాంకు మోటారు స్విచ్చి వెయ్యాలంటే వార్డెన్ అర్జీ, ఇంజినీరు సిఫారసు, రిజిస్ట్రారు ఆమోదం కావలసిన విశ్వవిద్యాలయం అది. ఆదివారం ఆమోదించేవాళ్ళు ఉండరు కాబట్టి ఆదివారం నీళ్ళుండవు. ఆడపిల్లలు శనివారం రాత్రే బకెట్లు నింపుకోవడం నేర్చుకున్నారు.

చాలాసేపు చర్చించాక, ఎవరినీ అడగని ఏజెంట్ల మీద అంతర్జాతీయ సదస్సు జరుపుకోవడానికి అనుమతి కోరుతూ ప్రభుత్వానికి లేఖ రాయాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. మూడు నెలలకి అనుమతి వచ్చింది. అంతర్జాతీయం ఎలా అయిందంటే, ఖాట్మండు నుంచి ఒక ప్రొఫెసరుగారు ఆన్‌లైన్‌లో నమస్కారం పెడతానన్నారు.

ఒకరోజు ఉమాకాంతం గారు మన్మథరావుని గదికి పిలిపించారు. కూర్చోమనలేదు. కాంట్రాక్టువాళ్ళు కూర్చోవచ్చో లేదో నిబంధనల్లో స్పష్టత లేదని ఆయన ఎప్పుడూ ఆ జోలికి పోరు.

"ఏమయ్యా మన్మథరావూ, సదస్సుకి ప్రాణం వర్క్‌షాపులు. ఆ వర్క్‌షాపులకి నిన్ను కన్వీనరుగా నియమించడానికి సూత్రప్రాయంగా అంగీకరించడమైనది."

"అలాగే సార్. మరి నాకు..."

"నిర్వాహకులకి తలా ఒక పాయింటు. కన్వీనరుకీ ఒక పాయింటు. వర్క్‌షాపులన్నీ జయప్రదంగా జరిగాయని మార్చి ముప్పై ఒకటిలోగా నువ్వు సంతకం పెట్టాలి, మేం ఆమోదించాలి. అది నీకెంత అవసరమో మాకు తెలియదనుకోకు."

"హాజరయినవాళ్ళకి ఎన్ని పాయింట్లు సార్?"

"హాజరయినవాళ్ళకి పాయింట్లేమిటయ్యా? ఊరికే కూర్చుని వినడానికి!" అని ఉమాకాంతం గారు నిజంగానే ఆశ్చర్యపోయారు.

ఆరు వర్క్‌షాపులనుకున్నారు. వారం తిరిగేసరికి నలభై ప్రతిపాదనలు వచ్చి పడ్డాయి. మార్చి దగ్గరపడుతోంది, పాయింట్లు అందరికీ కావాలి. సివిల్ శాఖవాళ్ళు "ఏజెంట్లు-కాంక్రీటు" అన్నారు. సంస్కృత శాఖలోని ఏకైక ఆచార్యుడు "ఏజెంట్లకు ఉపనయనార్హత: ఒక పరిశీలన" అన్నారు. వ్యాయామ డైరెక్టరు "ఏజెంట్లు-కబడ్డీ" అని పంపితే, ఆయనతో పడని సహాయ డైరెక్టరు "కబడ్డీ-ఏజెంట్లు" అని పంపాడు. బోధనేతర సిబ్బంది గేటు ముందు బైఠాయించి తమకీ పాయింట్లు సాధించుకున్నారు. తోటమాలులు "గులాబీ అంట్లు కట్టుటలో ఏజెంట్ల పాత్ర" ప్రతిపాదించారు. నిజం చెప్పాలంటే దాని సారాంశమొక్కటే తప్పుల్లేకుండా ఉంది. ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో పనికొస్తుందని విద్యార్థులందరికీ కూడా నిర్వాహక సర్టిఫికెట్లు రాసిచ్చేశారు. లెక్క తేలేసరికి నూట నలభై ఏడు వర్క్‌షాపులయ్యాయి.

ఒక్కో వర్క్‌షాపుకి కనీసం ఇరవైమంది ప్రతినిధులుండాలని నిబంధన. అంటే రెండువేల తొమ్మిది వందల నలభైమంది కూర్చుని వినాలి. అప్పుడు మన్మథరావు రిజిస్టరు ముందేసుకుని చూస్తే, ప్రాంగణంలో నిర్వాహకులు కానివాడు ఒక్కడూ లేడు. అందరూ అందలమెక్కితే మోసేవాళ్ళెవరని పెద్దలు ఊరికే అన్నారా?

ప్రొఫెసర్లు తెలివైనవాళ్ళు. నా దానికి నువ్వు రా, నీ దానికి నేనొస్తానని ఇచ్చిపుచ్చుకోవడం మొదలెట్టారు. అలా వదిలేస్తే గండం గడిచిపోయేదే. కాని నిద్రలో కూడా నిబంధనలు కలవరించే ఉమాకాంతం గారు సర్క్యులరు వదిలారు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ఏదేని ఒక వర్క్‌షాపునకు నిర్వాహకులైనవారు వేరొక వర్క్‌షాపునందు ప్రతినిధులుగా పరిగణింపబడరు. ఒకే వ్యక్తి చెప్పువాడును వినువాడును అగుట ఆడిట్ దృష్ట్యా అభ్యంతరకరము."

మన్మథరావు సర్క్యులరు పట్టుకుని గేటు బయట పోలమ్మ టీ బడ్డీ దగ్గర కూలబడ్డాడు. పోలమ్మ ఇరవై ఏళ్ళుగా అక్కడ టీ కాస్తోంది. హాస్టల్ కుళాయి నుంచి రెండు బిందెలు నీళ్ళు తెచ్చుకుంటే గాని ఆమెకి పొద్దు మొదలవదు.

"ఏటి మేస్టారూ, అలగ డీలాపడిపోనారు?"

ఆయన సంగతంతా చెప్పాడు.

"అయితే అందరూ సెప్పీవోలే గాని, ఇనీవోడొక్కడూ నేడా?"

"లేడమ్మా."

"నానున్నాను కదా బాబూ. మద్దేనం టీ ఎవుడు తాగుతాడు! ఫేను కింద కుర్సీ ఎయ్యండి, ఎంతసేపు సెప్పుకుంటే అంతసేపు ఇంతాను. పాలు పొంగిపోతాయనుకుంటే మాత్రం లెగిసొచ్చేస్తాను, మరి."

మన్మథరావు రిజిస్టరులో మొట్టమొదటి ప్రతినిధి పేరు రాసుకున్నాడు: శ్రీమతి పోలమ్మ. ఈ వార్త పొక్కిన గంటలో బడ్డీ ముందు క్యూ కట్టారు. ఇరవై ఏళ్ళుగా ఆమె పేరు తెలియని వాళ్ళు "పోలమ్మగారూ" అన్నారు. ఒకరు కారు పంపుతామన్నారు, ఇంకొకరు శాలువా కప్పి వెళ్ళారు. ఊపిరి పీల్చే ప్రతినిధి ఒక్కరైనా కనబడితే ఫొటో బాగుంటుందని వాళ్ళ తాపత్రయం. ఆమె మాత్రం ఎవరింటి పెళ్ళికైనా వస్తానన్నట్టే అందరికీ సరేనంది.

అయినా ఇంకా రెండువేల తొమ్మిది వందల ముప్పైతొమ్మిదిమంది కావాలి. అప్పుడు ఉమాకాంతం గారికి ఆలోచన తట్టింది, అదే పెద్ద తంటా. "సదస్సు ఏజెంట్ల మీద కదయ్యా. ఆ ఏజెంట్లనే ప్రతినిధులుగా కూర్చోబెడితే? మన దగ్గర అవి ఎవరికి చెయ్యడం వచ్చు?"

విశ్వవిద్యాలయం మొత్తానికి ఒక్కరికి వచ్చు. పాడేరు వైపు కొండ ఊరినుంచి వచ్చిన పరిశోధక విద్యార్థిని కొర్రా సుభద్ర. అందరితోపాటు సర్టిఫికెట్టు వచ్చిందే గాని ఆమెని ఏ కమిటీలోనూ వెయ్యలేదు, పని చేసుకుంటూ ఉంటుంది కాబట్టి ఎవరికీ గుర్తురాలేదు. హాస్టల్ ట్యాంకులో నీళ్ళు తగ్గగానే చూసుకుని, తనంతట తానే మోటారు వేసి, నిండగానే కట్టేసే ఏజెంటు ఒకటి ఆమె తయారుచేసుకుంది. దాన్ని నలుగురి ముందు నడిపించి చూపిస్తే తప్ప థీసిస్ ముందుకి సాగదు. గది కోసం నాలుగుసార్లు అర్జీ పెట్టుకుంది. వర్క్‌షాపుల వల్ల గదులు ఖాళీ లేవన్నారు.

"నీ ఏజెంట్లు కుర్చీల్లో కూర్చుంటాయా?" అని అడిగారు ఉమాకాంతం గారు.

"కూర్చోవు సార్, లాగిన్ అవుతాయి."

"లాగిన్ అయితే హాజరే. ఆ లెక్కన మా ప్రొఫెసర్లే ఏ రోజూ కుర్చీల్లో లేరు. మొత్తం రెండువేల తొమ్మిది వందల నలభై చెయ్యి. పోలమ్మ పాలు పొంగితే వెళ్ళిపోతుంది, ఆమెని నమ్ముకోలేం."

రిజిస్ట్రేషన్ ఫారాలు నింపారు. పేరు: ప్రతినిధి 1, ప్రతినిధి 2, అలా చివరిదాకా. తండ్రి పేరు: విశ్వవిద్యాలయము. లింగము: తదుపరి తెలియజేయబడును. ఒక గడి దగ్గర సుభద్ర ఆగింది.

"సార్, లక్ష్యం ఏమని ఇమ్మంటారు? ఏజెంటుకి లక్ష్యం చెప్పాలి. ఊరికే వినమంటే సరిపోతుంది."

"ఊరికే వినమనడం హుందాగా ఉండదమ్మా. రాసుకో." ఉమాకాంతం గారు ఉద్యోగుల సేవానియమావళి తెరిచి చదివారు. "విశ్వవిద్యాలయ సిబ్బంది ఏ విధముగా నడుచుకొనుచున్నారో ఆ విధముగా నడుచుకొనుచు, తమ పాయింట్లను గరిష్ఠ స్థాయికి పెంపొందించుకొనవలెను."

సుభద్ర మన్మథరావు వైపు చూసింది. "సార్, ఇవి చెప్పింది చెప్పినట్టు చేస్తాయి. మధ్యలో ఎవరినీ అడగవు."

"అంతకంటే కావలసిందేముంది?" అన్నారు ఉమాకాంతం గారు. "ఇక్కడ చెప్పింది చెప్పినట్టు చేసేవాణ్ణి నా సర్వీసులో చూడలేదు."

మన్మథరావుకి అది బాగోలేదని తెలుసు. కంప్యూటరు పాఠాలు చెప్పే మనిషి, తెలియకేం? నోటిదాకా వచ్చిన మాటని ఒక్క పాయింటు అడ్డుకుంది. ఆ పిల్ల చూపుకి మాత్రం సిగ్గుపడ్డాడు.

సదస్సు రోజు రానే వచ్చింది. నిర్వాహకులంతా వేదిక మీదే కూర్చోవాలి కదా. వేదిక మీద పన్నెండు కుర్చీలే పడతాయి. అందుకు రాత్రికి రాత్రే సవరణ వెలువడింది: "ఆడిటోరియమునందు చివరి వరుస మినహా యావత్ ప్రదేశమును వేదికగా పరిగణించవలెను." ఆ చివరి వరసలో, ఫ్యాను కింద, శాలువా కప్పుకుని పోలమ్మ ఒక్కతే కూర్చుంది. ఆమెకి ఎదురుగా పద్దెనిమిది వందలమంది, కుర్చీలు వెనక్కి తిప్పుకుని, బ్యాడ్జీలు పెట్టుకుని కూర్చున్నారు.

వేదికనలంకరించిన పెద్దల పేర్లు చదవడానికే గంటన్నర పట్టింది. ఖాట్మండు ప్రొఫెసరుగారు తెరమీద కనబడి నమస్కారం పెట్టి, తన పేరు కూడా నిర్వాహకుల్లో చేర్చమని కోరి మాయమయ్యారు. గజేంద్రనాథ్ గారు ప్రారంభోపన్యాసం చేశారు.

"మిత్రులారా, రాబోయేది స్వతంత్ర నిర్ణయాల యుగం! ఎవరి అనుమతి కోసమూ ఎదురుచూడని వ్యవస్థలను మనం నిర్మించుకోవాలి!" అని, చప్పట్ల కోసం ఆగారు. చప్పట్లు కొట్టవలసింది ప్రేక్షకులు గనక వేదిక వాళ్ళంతా పోలమ్మ వైపు చూశారు. ఆమె కొట్టింది. ఆ తరవాత పాలు గుర్తొచ్చి లేచి వెళ్ళిపోయింది.

పదకొండింటికి నూట నలభై ఏడు చోట్ల వర్క్‌షాపులు మొదలయ్యాయి. గదులు చాలక సైకిలు స్టాండులో పదకొండు, మెస్సు వంటగదిలో నాలుగు పెట్టారు. మన్మథరావు కంట్రోలు గదిలో తెర ముందు కూర్చున్నాడు, పక్కన సుభద్ర. ఏజెంట్లన్నీ బుద్ధిగా లాగిన్ అయ్యాయి. తమకిచ్చిన లక్ష్యం ప్రకారం సిబ్బంది ఎలా నడుచుకుంటారో పదేళ్ళ రికార్డులు చదివి అప్పటికే తెలుసుకున్నాయి. హాజరు పడగానే సగం జారుకున్నాయి. ఉన్నవాటిలో కొన్ని "ఇది ప్రశ్న కాదు, నా అభిప్రాయం మాత్రమే" అని పదేసి నిమిషాలు మాట్లాడాయి. పదకొండున్నరకి సర్టిఫికెట్లు ఎప్పుడిస్తారని అడిగాయి.

"అచ్చం మనవాళ్ళే," అన్నాడు మన్మథరావు. అన్నాక నవ్వొచ్చింది గాని నవ్వలేదు.

పన్నెండూ పది నిమిషాలకి, వినేవాళ్ళకి పాయింట్లు లేవన్న సంగతి ఏజెంట్లు పట్టేశాయి. పన్నెండూ పదకొండుకి అన్నీ ఒక్కసారిగా ప్రతినిధులుగా రాజీనామా చేశాయి. పన్నెండూ పన్నెండుకి కన్వీనరు మన్మథరావు తెరమీద రెండువేల తొమ్మిది వందల నలభై కొత్త వర్క్‌షాపు ప్రతిపాదనలు వచ్చి వాలాయి. ప్రతి ఏజెంటూ ఒక వర్క్‌షాపుకి నిర్వాహకుడు, ఇంకా రెండువేల పైచిలుకు కమిటీల్లో సభ్యుడు. పరస్పర సహకారం మనవాళ్ళ దగ్గరే నేర్చుకున్నాయి.

ఆయన నోరు తెరిచేలోగా మొదటి రిమైండరు వచ్చింది. "గౌరవనీయులైన కన్వీనరుగారి దివ్యసముఖమునకు, మా ప్రతిపాదన విషయమై ఇదివరకే మనవి చేసుకొనియున్నాము." ఐదు నిమిషాలకి రెండోది, కాస్త గొంతు పెంచి. పావుగంటకి, కన్వీనరు పక్షపాత వైఖరి గురించి వైస్ చాన్సలరుగారికి ఆకాశరామన్న ఉత్తరాలు వెళ్ళడం మొదలయ్యాయి. భోజనాల వేళకి ఏజెంట్లు రెండు సంఘాలుగా చీలాయి. రెండూ మన్మథరావుని తప్పించాలనే కోరాయి.

గజేంద్రనాథ్ గారు కంట్రోలు గదికి పరుగున వచ్చారు. వెనక ఉమాకాంతం గారు. మన్మథరావు లేచి నిలబడ్డాడు.

"మొత్తం ఎన్ని వర్క్‌షాపులు?" అన్నారు వైస్ చాన్సలరు.

"పాతవీ కొత్తవీ కలిపి మూడువేల ఎనభై ఏడు సార్. నేను ఆపడానికి..."

"ఆపడమేమిటయ్యా! ఏ విశ్వవిద్యాలయమైనా ఒక్కరోజులో మూడువేల వర్క్‌షాపులు చేసిందా? అన్నీ ఆమోదించు. పత్రికలవాళ్ళు నాలుగున్నరకి వస్తున్నారు."

"కాని సార్, నిబంధన ప్రకారం అరవై ఒక్క వేల ఏడు వందల నలభైమంది హాజరవ్వాలి. ఒక్కరూ లేరు."

గజేంద్రనాథ్ గారు రిజిస్ట్రారు వైపు చూశారు. ఉమాకాంతం గారు గొంతు సవరించుకున్నారు. "నిబంధన అడిగేది హాజరుని కాదండీ, హాజరయ్యారన్న ధ్రువీకరణని. కన్వీనరు ధ్రువీకరిస్తే హాజరయినట్టే." కాగితం ఒకటి మన్మథరావు ముందుకి జరిపారు. దానిలో ఒక్క అంకె రాసి కింద సంతకం పెట్టాలి. "నాలుగున్నరకి నా బల్లమీద ఉండాలి. నీ నూట ఇరవయ్యో పాయింటు అందులోనే ఉంది, గుర్తుంచుకో."

వాళ్ళు వెళ్ళిపోయారు. కాగితం ఉంది, కలం ఉంది. మన్మథరావు కలం మూత తీశాడు.

"సార్," అంది సుభద్ర, "నాలుగింటికి ట్యాంకు దగ్గర నా ఏజెంటుని నడిపిస్తున్నాను. గది ఇవ్వలేదు కాబట్టి అక్కడే. ప్రేక్షకులు ఒక్కరైనా ఉండాలి, పోలమ్మ వస్తానంది. మీకు వీలుంటే..." అని ఆగింది. ఆయనకి వీలుండదని ఆమెకి తెలుసు.

ఆయన మూత పెట్టేసి లేచాడు.

హాస్టల్ వెనక ట్యాంకు నీడలో పోలమ్మ బిందె బోర్లించుకుని దానిమీద కూర్చుంది. సుభద్ర మొదట బెదురుగా, తరవాత ధీమాగా, తన ఏజెంటు నీటి మట్టాన్ని ఎలా చూస్తుందో, కరెంటు తక్కువున్నప్పుడు ఎలా ఆగుతుందో, పిల్లలు స్నానాలకి వెళ్ళే వేళలు ఎలా నేర్చుకుందో చెప్పింది. మన్మథరావు విన్నాడు. పదకొండేళ్ళుగా చెప్పడమే గాని ఇంత సేపు ఎవరైనా చెబుతుంటే ఆయన కూర్చుని వినలేదు. మధ్యలో రెండు సందేహాలడిగితే ఆ పిల్ల రెండింటికీ జవాబు చెప్పింది. ఆయనకి ఒళ్ళు పులకరించింది. ఎన్నాళ్ళకి, ఈ ప్రాంగణంలో ఒకరికి ఒక పని వచ్చు!

"మరి పాపా," అంది పోలమ్మ, "ఆదివారం కూడా ఏస్తాదా?"

"వేస్తుంది అమ్మమ్మా. దానికి ఆదివారమని తెలీదు."

అంతలోనే, ఎవరూ స్విచ్చి ముట్టుకోకుండా, మోటారు గుర్రుమంది. గొట్టం రెండుసార్లు దగ్గి ట్యాంకులోకి నీళ్ళు దూకాయి. పోలమ్మ గబుక్కున లేచి బిందె కుళాయి కింద పెట్టింది. నిండుతున్న బిందెని చూస్తూ చప్పట్లు కొట్టింది. పొద్దున్న కొట్టినట్టు కాదు, గట్టిగా కొట్టింది.

నాలుగూ ఇరవై అయిదుకి మన్మథరావు కాగితం తీసి మోకాలిమీద పెట్టుకున్నాడు. "హాజరైన ప్రతినిధుల సంఖ్య" అన్న చోట తనని తాను లెక్కపెట్టుకుందామనుకున్నాడు. కన్వీనరూ నిర్వాహకుడే, నిర్వాహకుడు ప్రతినిధి కాడన్న సర్క్యులరు గుర్తొచ్చింది. "ఒకరు" అని రాశాడు. "జయప్రదముగా జరిగిన వర్క్‌షాపులు" అన్న చోట కూడా "ఒకటి" అని రాసి సంతకం పెట్టాడు.

ఉమాకాంతం గారు కాగితాన్ని అటూ ఇటూ తిరగేసి చూశారు.

"ఇది ఎవరినడిగి రాశావయ్యా?"

"ఎవరినీ అడగలేదు సార్."

"అదే వచ్చిన చిక్కు," అన్నారు ఉమాకాంతం గారు.

అయిదు నిమిషాల్లో మన్మథరావుని కన్వీనరు బాధ్యతల నుంచి తప్పించి, ప్రతినిధి 1108ని నియమించారు. అది ఒక్క సెకను కూడా ఆలోచించకుండా అరవై ఒక్క వేల ఏడు వందల నలభైమంది హాజరైనట్టు ధ్రువీకరించింది. వందనసమర్పణ కూడా తనే చేస్తానంది. సాయంత్రం పత్రికలవాళ్ళు ఖాళీ కుర్చీల వైపు కెమెరా తిప్పకుండా మర్యాద పాటించారు.

సుభద్రకి మర్నాడే మెమో వచ్చింది. "సమర్థ అధికారి అనుమతి లేకుండ మోటారు తనంతట తాను తిరిగినందులకు సంజాయిషీ ఇవ్వవలెను. అట్టి ఏజెంటును తక్షణము సస్పెండు చేయడమైనది." సదస్సు మొత్తంలో స్వతంత్రంగా పనిచేసింది అదొక్కటే. దాని వైరు పీకేశారు. ఆ ఆదివారం మళ్ళీ నీళ్ళు లేవు.

జూన్‌లో సెలెక్షన్ కమిటీ కూర్చుంది. పాయింట్లవారీగా జాబితా తీస్తే మన్మథరావుకి నూట పందొమ్మిది. ప్రతినిధి 1108కి రెండువేల నాలుగు వందల ముప్పై. కమిటీలో ఒకరు, అభ్యర్థి మనిషై ఉండవద్దా అని సందేహపడ్డారు. ఉమాకాంతం గారు నిబంధనలు మొదటి నుంచి చివరిదాకా తిరగేసి, అభ్యర్థి మనిషై ఉండాలని ఎక్కడా లేదని, అరవై రెండో ఏట రిటైరవ్వాలని మాత్రమే ఉందని తేల్చారు. పోస్టు దానికిచ్చారు. మన్మథరావుకి ఎప్పటిలాగే రెండో వారంలో కాంట్రాక్టు ఉత్తర్వు వచ్చింది. పదకొండు పోయి పన్నెండో ఏడు.

క్లాసులు మొదలయ్యే రోజు పొద్దున్న ఎనిమిదిన్నరకి ఆయన బడ్డీ దగ్గర టీ తాగుతుంటే ఫోను మోగింది. కొత్త పర్మనెంటు లెక్చరరు దగ్గర్నుంచి సందేశం.

"సభాకార్యక్రమముల యందు నిమగ్నమై ఉన్నందున నా క్లాసులను ఈ సంవత్సరమంతయు శ్రీ మన్మథరావు తీసుకొనగలరు."

ఆయన చదువుతుండగానే రిమైండరు వచ్చింది. గ్లాసు కింద పెట్టేలోగా, ఆలస్యానికి సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది.

"ఏటి మేస్టారూ, పొద్దుగాలే?" అంది పోలమ్మ. మోటారుకి ఇంకా ఆమోదం రాలేదు, ఆమె పక్కన రెండు బిందెలూ ఖాళీగా ఉన్నాయి. "ఆ కొత్త మేస్టారు ఎలాగున్నాడేటి?"

మన్మథరావు ఫోను జేబులో పడేసుకుని లేచాడు.

"పాత మేస్టార్లలాగే ఉన్నాడు పోలమ్మా," అని క్లాసుకి బయల్దేరాడు.